చక్కెర వ్యాధిగల పెద్దలకు అన్నము, వేళ

భివండీలోని మన తెలుగువారి ఇండ్లలో భోజనపు వేళను నిర్ణయించునది మగ్గము. పగటి షిఫ్టునకు పోవువానికొక వేళ, రాత్రి షిఫ్టునుండి వచ్చువానికొక వేళ వడ్డన జరుగును. కరీంనగరమునుండి, వరంగల్లునుండి, నల్లగొండనుండి మరమగ్గముల పనికై వలసవచ్చి పద్మానగరమున స్థిరపడిన కుటుంబములలో, పండ్రెండు గంటల షిఫ్టు ముగించుకొని కొడుకు ఇల్లు చేరినగాని ముద్ద ముట్టని తల్లులు నేటికిని కలరు. ఆరోగ్యవంతురాలైనచో అది వాత్సల్యమే. చక్కెర వ్యాధికి ఉదయమే మాత్ర వేసికొన్న డెబ్బది ఏండ్ల తల్లికి మాత్రము అది ప్రాణాపాయము కావచ్చును. ఈ సంగతినే ముఖ్యముగా తెలుపదలచినాము.

మనము తిన్న అన్నము, రొట్టె, బంగాళాదుంప కడుపులో అరిగి గ్లూకోసు అను చక్కెరగా మారి రక్తమున కలియును. క్లోమమునందు పుట్టు ఇన్సులిన్ అను రసము ఆ చక్కెరను రక్తమునుండి కండరములలోనికి పంపును. ఆ రసము చాలకున్నను, ఉన్నది సరిగా పనిచేయకున్నను చక్కెర రక్తమునందే నిలిచిపోవును. పరగడుపున రక్తము తీసి చూచినప్పుడు నూరు మిల్లీలీటర్లకు 126 మిల్లీగ్రాములుగాని అంతకు మించిగాని చక్కెర ఉన్నదని పరీక్షలలో తేలినచో దానిని మధుమేహమందురు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన లెక్కను బట్టి మన దేశమున ఈ వ్యాధిగలవారు పది కోట్లకు పైబడియున్నారు.

ఇన్సులిన్‌ను 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు కనుగొనిరి. 1922 జనవరిలో దానిని మొట్టమొదట పొందిన రోగి 14 ఏండ్ల బాలుడు. బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినముగా పాటించుచున్నారు. మన పాఠశాలలో బాలల దినోత్సవము జరుపుకొను దినము కూడ అదియే.

ఇక ఆహారము. మిఠాయి మానినచో వ్యాధి కుదురునని పెక్కుమంది నమ్మకము. కాని తాతగారు మగ్గముల గల్లీలో రోజునకు ఆరుమార్లు చాయ త్రాగి, ఒక్కొక్క చాయలో రెండు చెంచాల చక్కెర వేయించుకొన్నచో, చెంచాకు ఐదు గ్రాముల చొప్పున 60 గ్రాముల చక్కెర లోనికి పోయినట్లే. లడ్డూ ముట్టలేదని ఆయన సంతోషించుచుండును! చక్కెరకు బదులు బెల్లము మంచిదనుటయు భ్రమయే. రక్తమున చేరిన పిమ్మట రెండును ఒకటే. బతుకమ్మ పండుగ నాటి మలీదను ప్రసాదమని చిటికెడు తిననిండు, ముద్దగా తిననీయకుడు.

తెల్లబియ్యపు అన్నము త్వరగా చక్కెరగా మారును. జొన్నరొట్టెలో పీచు ఉండుటవలన కొంత మెల్లగా మారును. అట్లని నాలుగు రొట్టెలు తినిన మేలు లేదు. కంచములో సగము మెంతికూర, బీర, సొర, బెండ వంటి కూరలు, పావువంతు పప్పుగాని గ్రుడ్డుగాని చేపగాని, మిగిలిన పావువంతు మాత్రమే అన్నము లేక రొట్టె ఉండవలెను. పండ్లూడిన పెద్దలు రొట్టె నమలలేక అన్నమునే కోరుదురు. రొట్టెను పప్పులో నానవేసి పెట్టినచో వారును తినగలరు.

వృద్ధులను పస్తులుంచరాదు. కొందరు కోడండ్రు భయముచేత అత్తగారికి అన్నియు మాన్పించి గంజినీళ్లతో సరిపెట్టుచున్నారు. అందువలన కండ కరిగి, కాళ్ల బలము తగ్గి, ఆమె పడిపోయి ఎముక విరుగగొట్టుకొనును. యువకునికి విధించిన కట్టడి ముసలివారికి తగదు. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష యున్నది. అది యువకులకు 7 శాతము లోపల ఉండవలెనని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. పలు జబ్బులున్న వృద్ధులకు 8 శాతము వరకు ఉన్నను సమ్మతింతురు. కారణమేమనగా, వారికి చక్కెర హెచ్చుటకంటె హఠాత్తుగా పడిపోవుట ఎక్కువ హాని.

చక్కెర మాత్రలన్నియు ఒక్క తీరున పనిచేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి చక్కెర మితిమీరి తగ్గుట అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ అనునవి క్లోమమును పురికొల్పి, మనిషి తినినను తినకున్నను ఇన్సులిన్‌ను పుట్టించును. ఇన్సులిన్ సూదియు అన్నము కొరకు ఆగదు. కావున మీ ఇంటి పెద్దలు వాడు మాత్ర ఏదో చీటీ చూచి తెలిసికొనవలెను.

మేమెఱిగిన యొక ఇంట శివరాత్రినాడు జరిగినది చెప్పెదము. నాయనమ్మ ఉదయమున మాత్ర వేసికొని ఉపవాసముండెను. మధ్యాహ్నమునకు ఒడలెల్ల చెమటలు పట్టి, మనుమని పేరు మరచి, పొంతనలేని మాటలాడసాగెను. ఇంటివారు ముసలితనపు చాదస్తమనుకొనిరి. ఏడవ తరగతి చదువు మనుమడు మాత్రము చక్కెర నీళ్లు ఇవ్వవలెనని పట్టుబట్టెను. తీరా చూడగా చక్కెర డబ్బా బీరువాలో ఉన్నది. నాయనమ్మ దొంగచాటుగా తినునని కోడలు తాళము వేసి, తాళపుచెవి కొంగున ముడివేసికొని సంతకు పోయినది. బాలుడు ప్రక్కనున్న మరాఠీవారి ఇంటికి పరుగెత్తి గుప్పెడు చక్కెర తెచ్చెను. నాయనమ్మ పావుగంటలో తేరుకొనెను. ఆ తరువాత ఆ ఇంట చక్కెర డబ్బాకు తాళము లేదు.

చెమట, వణకు, గుండెదడ, తికమక కనబడినచో వెంటనే యంత్రముతో చూడుడు. 70కి తక్కువైనచో మూడు చెంచాల చక్కెరను అరగ్లాసు నీటిలో కలిపి త్రాగింపుడు. యంత్రము లేకున్నను ఆలస్యము చేయక ఇండు. పావుగంటకు మరల చూచి, తగ్గియే యున్నచో మరల ఇండు. పిదప అన్నము పెట్టుడు. ఈ సమయమున పాలకోవా, లడ్డూ పనికిరావు. వానిలోని నేయి, పాలు చక్కెరను ఆలస్యముగా రక్తమునకు చేర్చును. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక తక్షణమే ఆస్పత్రికి చేర్పుడు.

ఉపవాసమును మానుకొమ్మని పెద్దలతో చెప్పుట కష్టమే. ముందుగా వైద్యుని అడిగి ఆనాటి మాత్రను మార్పించుకొనుట సులభము. మన మరాఠీ ఇరుగుపొరుగువారినుండి నేర్చుకొన్న సగ్గుబియ్యపు ఖిచిడీని ఉపవాసమున తేలికయైన ఆహారమని తలచుచున్నాము. కాని సగ్గుబియ్యము దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. దానికి బదులు మజ్జిగ, వేరుసెనగపలుకులు కొద్దిగా పుచ్చుకొనుట మేలు.

విద్యార్థులారా, ఇక మీ పని. మందుల చీటీ ఆంగ్లమున ఉండును. వైద్యుడు మరాఠీలోనో హిందీలోనో చెప్పును. మీ నాయనమ్మ తెలుగు తప్ప చదువలేదు. ఈ మూడు భాషల నడుమ నిలిచి అర్థము చెప్పగలవారు ఆ ఇంట తరచుగా మీరొక్కరే. ఒక నూరుపుటల పుస్తకము తీసికొని ప్రతి దినమునకు ఒక పంక్తి తెలుగులో వ్రాయుడు: మాత్ర వేసికొన్న వేళ, అన్నము తిన్న వేళ, ఏమి తినినది, చక్కెర ఎంత. మాత్రల డబ్బాపై "ఉదయము, తినుటకు ముందు" అని పెద్ద అక్షరములతో అంటింపుడు. నాన్న రాత్రి ఎంత ఆలస్యముగా వచ్చినను నాయనమ్మకు ఎనిమిది గంటలకే వడ్డింపుమని అమ్మతో చెప్పుడు. ఆమె ఒప్పుకొననిచో, నాన్న వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి మాటలాడవచ్చునని బుజ్జగింపుడు. ఆస్పత్రికి పోవునాడు ఆ పుస్తకమును వెంట తీసికొనిపోయి, మీరే చదివి వినిపింపుడు.