పచ్చికబయలుపై చిన్న విమానము



ఇంగ్లండులో నేటికిని పెక్కు చిన్న విమానములు పచ్చికబయళ్లనుండియే ఎగురుచున్నవి. వీనికి నేలయందును అపాయము పొంచియుండును. ఏలయన, ముందు గిరగిర తిరుగు ప్రొపెల్లరు కొనకును నేలకును నడుమ ఎడము స్వల్పము. అమెరికా నిబంధనలు చిరకాలము ముందుచక్రముగల విమానమునకు 7 అంగుళములు, తోకచక్రముగల దానికి 9 అంగుళములు కనీసపు ఎడముగా విధించినవి. ముందుచక్రము గోతిలో దిగబడెనేని ప్రొపెల్లరు నేలను తాకి వంగును. ఇంజనునకును దెబ్బ తగులును.

కావున చోదకుడు మొదట బయలెల్ల కాలినడకను తిరిగి, కుందేటి బొరియలను, బండిచాళ్లను పరికింపవలెను. గడ్డిని పొట్టిగా కోయింపవలెను. చక్రముల తొడుగులలో బురద చిక్కి చక్రములను బిగించును గనుక, వానకాలమున వానిని విప్పుట మేలు. పరుగిడునపుడు పిడిని వెనుకకు లాగి, ముందుచక్రముపై బరువు తగ్గింపవలెను.

తడిపచ్చిక మరియొక చిక్కు. బ్రిటిషు విమానయానశాఖవారి సలహా ననుసరించి, గట్టిబాటపై ఎగురుటకు 1,000 అడుగులు చాలినచోట తడిపచ్చికపై 1,300 అడుగులు కావలెను. దిగి ఆగుటకైనచో 1,000 అడుగులు 1,350 అగును. తడిగడ్డిపై బ్రేకులు జారును గదా!

నేల పదును మీ రెరుగనిది కాదు. మడమతో త్రొక్కినంతనే నేల దిగబడెనేని, ఆ దినము విమానమును పాకలో నుంచుటయే వివేకము.