ఎడారిలో వడదెబ్బ - చేతిలో ఫోను

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి అనేకులు బ్రతుకుతెరువునకై కువైటు వెళ్లియున్నారు. కడప జిల్లావారు అచట ఇండ్లలోను, తోటలలోను, ఎడారిలో గొఱ్ఱెల మందల వద్దను పనిచేయుదురు. మందల వద్ద నుండువారికి ఆసుపత్రి దూరము. అచటి భాష అరబ్బీ. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు మొదట అందునది చేతిలోని ఫోను.

కువైటు వేసవి కడప ఎండలను మించినది. 2016 జూలై 21న అచటి మిత్రిబాలో 53.9 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదైనది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 గంటలు మొదలు 4 గంటల వరకు ఆరుబయట పని చేయించుట అచట నిషిద్ధము.

"తల తిరుగుచున్నది, వాంతి వచ్చుచున్నది" అని ఒక కూలి ఫోనులో వెదకిన యెడల ఏమి జరుగును? శోధన యంత్రము ముందుగానే కోట్లకొలది పేజీలకు అకారాదిసూచిక వంటి పట్టిక కూర్చియుంచును. ప్రశ్నలోని మాటలు గల పేజీలను ఏరి, ఇతరులు ఎక్కువగా పేర్కొన్నవానికి పై స్థానమిచ్చును. అది రోగిని చూడదు, నాడి పట్టదు. ఎండలో పనిచేసిన సంగతి చెప్పనిచో పైత్యము, రక్తపోటు, వడదెబ్బ అన్నియు ఒకే వరుసలో వచ్చును. కావున వయస్సు, చేసిన పని, బాధ మొదలైన వేళ ప్రశ్నలో చేర్చవలెను.

పైన కనబడినదెల్ల సత్యము కాదు. వ్రాసినది ఆరోగ్యశాఖయా, సరకు అమ్మువాడా అని చూడవలెను. ఓ.ఆర్.ఎస్. ఇందుకు మంచి ఉదాహరణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరి రెండు లవణములు ఉండవలెను. చక్కెర మితిమీరినచో అది శరీరములోని నీటిని ప్రేగులోనికి లాగి విరేచనములను పెంచును. ఆ పేరుతో అమ్మిన తీపి పానీయములపై హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సూత్రమునకు లోబడని పానీయములపై ఆ పేరు ఉండరాదని ఆదేశించినది.

వెదకుచు కూర్చుండరాని వేళయు కలదు. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, స్పృహ తప్పుచున్నచో అది ప్రాణాపాయము. రోగిని నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసరుచు, కువైటులో 112కు, ఆంధ్రదేశములో 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

దూరదేశము నుండి తండ్రియో తల్లియో అడిగినప్పుడు చదివి చెప్పవలసినవారు తరచు ఇంటివద్ద నున్న విద్యార్థులే. ఏది నమ్మవలెనో, ఎప్పుడు వెదకుట మాని సహాయమునకై పిలువవలెనో వారు బడిలోనే నేర్చుట అవసరము.