పిల్లలతో హైదరాబాద్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? ముందు ఆ రోజు ఏ వారమో చూసుకోండి!

రెండు రోజులు, నలుగురు మనుషులు, ఏడెనిమిది ప్లేసులు. జిల్లాల నుంచి హైదరాబాద్ చూడ్డానికి వచ్చే చాలా కుటుంబాల ప్లాన్ ఇలాగే ఉంటుంది. చార్మినార్, సాలార్‌జంగ్, జూ, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిల్మ్ సిటీ.. వీలైతే ఓ మాల్ కూడా. కాగితం మీద బాగానే ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి చిన్నోడు ఇక నడవనని రోడ్డు మీదే కూర్చుంటాడు. అమ్మ చంకనెత్తుకుంటుంది. నాన్న క్యాబ్ యాప్‌లో రేటు చూసి తల పట్టుకుంటాడు.

తప్పు పిల్లాడిది కాదు, ప్లాన్‌ది. హైదరాబాద్‌లో చూడాల్సినవి ఒకచోట లేవు. పైగా అన్నీ అన్ని రోజులూ తెరిచి ఉండవు.

శుక్రవారం ఒకలా.. సోమవారం ఒకలా

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా శుక్రవారమే. నెహ్రూ జూ పార్క్‌కు సోమవారం. గురువారం రాత్రి బస్సెక్కి, శుక్రవారం పొద్దున్నే ఎంజీబీఎస్‌లో దిగి, దగ్గరే కదా అని నేరుగా సాలార్‌జంగ్‌కు వెళ్తే గేటుకు తాళం కనిపిస్తుంది. శని, ఆది, సోమ అని లాంగ్ వీకెండ్ పెట్టుకుని జూను చివరి రోజుకు దాచుకున్నవాళ్లకీ అదే పరిస్థితి. ఊళ్లో బయల్దేరినప్పటి నుంచి "పులి ఎప్పుడు.. పులి ఎప్పుడు" అని అడుగుతున్న పిల్లలకు సర్దిచెప్పడం ఎవరి తరం కాదు. పండగ రోజుల్లో ఈ సెలవులు మారొచ్చు కాబట్టి ముందు రోజే ఒకసారి కనుక్కుంటే మంచిది.

శుక్రవారం మధ్యాహ్నం చార్మినార్ పక్కనే ఉన్న మక్కా మసీదులో జుమా నమాజు ఉంటుంది. ఆ టైమ్‌లో చుట్టుపక్కల రద్దీ ఎక్కువ. అందుకే పాతబస్తీని శుక్రవారం కాకుండా వేరే రోజు పెట్టుకోవడమే తెలివైన పని.

మూసీకి ఇటు ఒక రోజు, అటు ఒక రోజు

సిటీ మ్యాప్ అంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మూసీ నది ఒక్కటి గుర్తుంటే చాలు. నదికి దక్షిణాన సాలార్‌జంగ్, చార్మినార్, చౌమహల్లా, ఇంకాస్త ముందుకెళ్తే బహదూర్‌పురాలో జూ. ఇదంతా ఒక రోజు. ఉత్తరాన బిర్లా మందిర్, దాన్ని ఆనుకునే సైన్స్ మ్యూజియం, ఆ తర్వాత లుంబినీ పార్క్, హుస్సేన్‌సాగర్. ఇది ఇంకో రోజు. గోల్కొండ పడమర వైపు విడిగా ఉంటుంది. రామోజీ ఫిల్మ్ సిటీ అయితే విజయవాడ హైవే మీద, సిటీకి దాదాపు 30 కిలోమీటర్లు. దానికి పూర్తిగా ఒక రోజు ఇవ్వాల్సిందే. రెండే రోజులుంటే రామోజీ, గోల్కొండల్లో ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

పాతబస్తీ రోజును జూతో మొదలుపెట్టండి. ఎండ పెరిగే కొద్దీ జంతువులు నీడకు చేరతాయి, పిల్లలకు కనిపించేది తోక చివర మాత్రమే. జూ మొత్తం 380 ఎకరాలు. అంతా నడిచి చూస్తామనుకుంటే మిగతా రోజు పోయినట్టే. లోపల బ్యాటరీ వాహనాలుంటాయి, చిన్నపిల్లలున్నవాళ్లు వాటినే నమ్ముకోవాలి.

మిట్టమధ్యాహ్నం సాలార్‌జంగ్‌కు వెళ్తే నీడపట్టున ఉండొచ్చు. పిల్లలకు నచ్చేది అక్కడి సంగీత గడియారం. గంట గంటకీ చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పన్నెండు దెబ్బలు వినాలని 12 గంటలకు జనం గుమిగూడతారు. అప్పుడు ముందు వరుసల్లో పెద్దవాళ్ల తలలే తప్ప వెనకున్న పిల్లలకు ఏమీ కనిపించదు. 3 గంటలకు వెళ్తే మూడే దెబ్బలు, కానీ బొమ్మ రావడం కళ్లారా చూడొచ్చు.

చార్మినార్‌కు చల్లబడ్డాక వెళ్లండి. ఈ కట్టడం 1591 నాటిది. మెట్ల దారి బాగా ఇరుకు, మలుపులు తిరుగుతూ వెళ్తుంది. పిల్లాడిని ఎత్తుకుని ఎక్కడం కష్టం. ఒకరు కింద చిన్నవాళ్లతో ఉండి, ఇంకొకరు పెద్ద పిల్లలతో పైకి వెళ్లడం బెటర్.

తెలంగాణ డైనోసార్‌ను చూపించారా?

చాలామంది బిర్లా మందిర్‌లో దర్శనం చేసుకుని దిగిపోతారు. పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. సినిమా కోసం చేసిన బొమ్మ కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. అందుకే సైంటిస్టులు దాని పేరులో ఆ ఊరిని కూడా చేర్చి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు. పొడవు దాదాపు 9 మీటర్లు, ఆకులు అలములు తినే రకం. మన దగ్గర తిరిగిన జంతువు అని చెప్తే ఫోన్‌లో గేమ్ ఆడే పిల్లాడు కూడా తలెత్తి చూస్తాడు. పక్కనే ప్లానెటోరియం ఉంది, తెలుగులోనూ షోలు వేస్తారు. టైమింగ్స్ ముందే కనుక్కోండి.

హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహానికీ ఓ కథ ఉంది. 58 అడుగుల ఏకశిల. 1990లో నీళ్లలోకి తీసుకెళ్తుండగా మునిగిపోయింది, ఆ ప్రమాదంలో కొందరు చనిపోయారు కూడా. మళ్లీ బయటికి తీసి 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. లుంబినీ పార్క్ నుంచి బోటులో వెళ్లేటప్పుడు ఈ మాట చెప్తే పిల్లలకు ఆ రైడ్ గుర్తుండిపోతుంది. లైఫ్ జాకెట్ వేయకుండా మాత్రం బోటు ఎక్కించొద్దు.

ఫ్రీ బస్సు ఎవరికి?

ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నారు. తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకే, ఐడీ కార్డు చూపించాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అమ్మలు, అమ్మమ్మలు సిటీ బస్సులో టికెట్ తీసుకోవాల్సిందే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ కదా అని మెట్రో రైలు కూడా ఫ్రీ అనుకోవద్దు. పేరు ఒక్కటే, రెండూ వేరు.

రైల్లో వచ్చేవాళ్లకు ఇంకో లెక్క. ఐదేళ్లలోపు పిల్లలకు బెర్త్ వద్దనుకుంటే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు వాళ్లకు విడిగా బెర్త్ కావాలంటే ఫుల్ టికెట్, వద్దంటే హాఫ్. రాత్రి ప్రయాణంలో హాఫ్ టికెట్‌తో మిగిలే డబ్బు కన్నా ముగ్గురు ఒకే బెర్త్ మీద ముడుచుకుని పడుకున్న అలసటే ఎక్కువ అవుతుంది.

పిల్లలు తప్పిపోతే..

అసలు భయం ఇదే. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పొద్దున్న లాడ్జి నుంచి బయటికొచ్చే ముందు ఆ రోజు వేసుకున్న బట్టలతో పిల్లల ఫొటో తీసుకోండి. వెతికేటప్పుడు కంగారులో షర్టు రంగు కూడా గుర్తురాదు. ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ జేబులో పెట్టండి. పేరు మాత్రం బయటికి కనిపించేలా రాయొద్దు, పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్లే అనుకుని వెళ్లిపోతారు.

మెట్రోలో డోర్లు ఎక్కువసేపు తెరిచి ఉండవు. పిల్లాడు లోపల, మీరు బయట ఉండిపోతే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచండి. రైల్లో ఉన్నవాడు వచ్చే స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి. ప్లాట్‌ఫామ్ మీద మిగిలినవాడు ఉన్నచోటే ఉండాలి. వెతకడానికి కదలాల్సింది పెద్దవాళ్లే. వెంటనే స్టేషన్ సిబ్బందికి చెప్తే తర్వాతి స్టేషన్‌ను అలర్ట్ చేస్తారు.

బిర్లా మందిర్‌లోకి ఫోన్లు అనుమతించరు, కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. అంటే అక్కడ విడిపోతే కాల్ చేసే దారే ఉండదు. మెట్లెక్కే ముందే "ఎవరు తప్పిపోయినా చెప్పుల స్టాండ్ దగ్గరికి రావాలి" అని ఒక చోటు అనుకోండి.

పది నిమిషాలు వెతికినా కనిపించకపోతే ఇంకా ఆలస్యం చేయకుండా 112కు గానీ, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయండి. రైల్వే స్టేషన్‌లో అయితే 139.