రంగు పుంజుది, నింద పెట్టది

ఓ వేసవిలో మా అమ్మమ్మ వడ్లగంపలో ఊక పోసి, పైన గడ్డి పరిచి, పదమూడు గుడ్లు పెట్టి కోడిని పొదగేసింది. ఉరుములకు గుడ్లు మురగకుండా ఓ బొగ్గుముక్క, ఇనుప మేకు కూడా అందులో వేసింది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే చెయ్యి పోనిచ్చి చూస్తే ఐదే పిల్లలు. మిగతా ఎనిమిదీ మురిగిపోయాయి. "దీనికి పొదగటం చేతకాదు, పండక్కి కోసేద్దాం" అంది. ఆ ఐదింటిలో ఎర్రగా మెరుస్తున్న పిల్ల కనబడగానే మాత్రం మొహం వెలిగిపోయింది. "అచ్చం తండ్రి పోలికే. డేగ పుంజంటే అదీ!"

పొగడ్త పుంజుకు, తిట్టు పెట్టకు. పెరట్లో కోళ్లున్న చాలా ఇళ్లలో ఇప్పటికీ ఇదే తీర్పు. చాలాసార్లు ఆ పెట్ట తప్పేమీ ఉండదు. గుడ్డు దాని రెక్కల కిందికి చేరేసరికే చచ్చిపోయి ఉంటుంది.

గిన్నెలో ఉన్నప్పుడే

గుడ్డు బయటపడేసరికి లోపలి పిండానికి దాదాపు ఒక రోజు వయసుంటుంది. తల్లి కడుపులోని వేడికి ఎదగడం మొదలుపెట్టి, బయటికొచ్చి చల్లబడగానే ఆగిపోతుంది. మళ్లీ పొదుగు వేడి తగిలేదాకా అలా నిద్రపోవాలి. అందుకు చల్లదనం కావాలి. 15-18 డిగ్రీలైతే మేలు. మన ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో, పొయ్యిగట్టు పక్కన గిన్నెలో అంత చల్లదనం ఎక్కడిది? 35 డిగ్రీల వేడి పిండాన్ని నిద్ర లేపుతుంది కానీ పెంచలేదు. ఎదిగీ ఎదగకుండా అది ప్రాణం వదిలేస్తుంది. రోజుకో గుడ్డు చొప్పున పదిహేను రోజులు పోగేసి పొదగేస్తే మొదట పెట్టిన గుడ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. వారం దాటాక ఎన్ని రోజులు నిలవ ఉంచితే అంతగా పిల్లలు తగ్గుతూ పోతాయి. తడి ఇసుకలో మట్టికుండ పాతి, సన్నటి కొస కిందికి ఉండేలా గుడ్లు అందులో దాచండి. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం చాలా పెద్దది.

మురికిగా ఉన్నాయని గుడ్లు కడుగుతారు కొందరు. పెంకుకు వేల సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని కప్పి ఉంచే పలుచటి పొర కడిగితే పోతుంది, క్రిములకు దారి దొరుకుతుంది.

పొదగేసిన ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు పరుచుకుని ఉంటే లోపల ప్రాణం ఉంది. ఏమీ కనబడకుండా తేటగా ఉంటే చాలావరకు పుంజు కలవని గుడ్డు. ఎర్రటి ఉంగరం లాంటిది కనబడితే పిండం మొదలై ఆగిపోయిందని అర్థం. తేట గుడ్లు ఎక్కువైతే పుంజును చూడాలి. ముసలిదైందా? ఒక్కదానికి పదికి మించి పెట్టలున్నాయా? ఉంగరాలు ఎక్కువైతే మనం గుడ్లు దాచిన తీరును అనుమానించాలి. పెట్టను కాదు.

చివరి మూడు రోజుల కథ వేరు. పిల్ల గుండ్రటి కొసన ఉన్న గాలి గదిలోకి ముక్కు పొడిచి తొలి ఊపిరి తీస్తుంది. ఆ తర్వాత పెంకు మీద నెర్ర పడుతుంది. అక్కణ్నుంచి బయటికి రావడానికి 12 గంటలు పట్టొచ్చు, 24 గంటలూ పట్టొచ్చు. పిల్ల ఊరికే కూర్చుందని అనుకుంటాం. నిజానికి అప్పుడే పెంకు పొరలోని నరాల రక్తం దాని ఒంట్లోకి చేరుతుంటుంది, మిగిలిన పచ్చసొన బొడ్డులోంచి కడుపులోకి పోతుంటుంది. ఆత్రంగా పెంకు వలిస్తే రక్తం కారి చచ్చిపోతుంది. చిన్నప్పుడు నేనలా ఒక పిల్లను చంపాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ రక్తపు చుక్క ఇప్పటికీ కళ్ల ముందుంది.

ఇంక్యుబేటర్ వాడేవాళ్లకు: ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు, తేమ తొలి 18 రోజులు 50-55 శాతం, తర్వాత 65-70 శాతం ఉండాలి. తొలి 18 రోజులూ గుడ్లు తిప్పాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. చివరి రోజుల్లో మూత తెరిచి తెరిచి చూస్తే తేమ పోయి పొర తోలులా పిల్లను బిగిస్తుంది.

ఈక మీద రాసిన లెక్క

కాకి, డేగ, నెమలి, సేతు, పర్ల, సవల, మైల, కౌజు, పింగళ. కోడి ఈకకు మన భాషలో ఎన్ని పేర్లో! ఇవి పందెం బరుల్లో నలిగిన మాటలు. పందెం క్రూరమైనది, చట్టం ఒప్పనిది. కానీ ఈకను అంత దగ్గరగా చూసినవాళ్లు పెట్టిన ఈ పేర్లను పోగొట్టుకోకూడదు.

ఆ రంగులు వచ్చే దారి వందేళ్లకు పైగా తెలిసిందే. మెండెల్ బఠాణీ మొక్కల్లో కనిపెట్టిన సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని ఇంగ్లండ్‌లో విలియం బేట్సన్ 1902లో చూపించింది కోళ్లతోనే. కోళ్లలో మనకు తిరగబడిన లెక్క ఒకటుంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి వల్ల. కోళ్లలో తల్లి వల్ల. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఈక బంగారు ఎరుపా, వెండి తెలుపా అని తేల్చే జన్యువు జెడ్ మీద ఉంటుంది. పెట్టపిల్లకు ఆ జెడ్ తండ్రి దగ్గర నుంచే వస్తుంది. పుంజుపిల్లకు ఇద్దరి నుంచీ వస్తుంది, అందులో వెండిదే పైచేయి. బంగారు ఛాయ పుంజును వెండి ఛాయ పెట్టతో కలిపితే ఎర్రటి నూగుతో పుట్టినవి పెట్టలు, తెల్లటి నూగుతో పుట్టినవి పుంజులు. పుట్టిన రోజే తెలిసిపోతుంది. అంటే మా అమ్మమ్మ మాట సగం నిజం. ఈ ఒక్క విషయంలో కూతుళ్లది తండ్రి పోలిక. కొడుకుల్లో మాత్రం తల్లి కనబడుతుంది.

నల్ల పుంజుకు, నల్ల పెట్టకు ఎర్ర పిల్ల పుడితే పక్కింటి పుంజును అనుమానిస్తాం. అవసరం లేదు. నలుపు కింద ఎరుపు రెండింటిలోనూ దాగి ఉండొచ్చు. ఇంకో సంగతి: పెట్ట తన కడుపులో పుంజు బీజాన్ని రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు దాచుకోగలదు. కొత్తగా కొన్న డేగ పుంజు పిల్లలనుకున్నవి అంతకుముందు అమ్మేసిన కాకి పుంజు పిల్లలు కావచ్చు. పుంజును మార్చాక మూడు వారాలు ఆగి గుడ్లు పొదగేస్తేనే రంగు లెక్క నమ్మొచ్చు. స్పెయిన్ ఆండలూసియన్ కోళ్లలో అందరూ ఇష్టపడే బూడిద నీలం రంగైతే అసలు నిలవనే నిలవదు. ఆ రంగు జంటకు నాలుగు పిల్లలకు సగటున రెండే నీలంవి. ఒకటి నలుపు, ఒకటి మరకల తెలుపు.

రంగుకూ మురిగిన గుడ్లకూ సంబంధం ఇక్కడే మొదలవుతుంది. డేగ నచ్చిందని ఒకే పుంజును ఏళ్ల తరబడి ఉంచుకుంటాం. అది కూతుళ్లతో, మనవరాళ్లతో జత కడుతుంది. ఎరుపు నిలబడుతుంది. దాంతోపాటే ఆ రక్తంలో దాగిన చెడ్డ జన్యువులూ జంటలు కడతాయి. జపాన్ పొట్టికాళ్ల చాబో కోళ్లలో ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పొట్టికాళ్ల జంట గుడ్లలో నాలుగో వంతు పిండాలు తొలి వారంలోనే పోతాయి. మన పెరట్లో అంత స్పష్టంగా తెలియదు. పొదిగిన ప్రతిసారీ ఓ గుడ్డు తగ్గుతుంది, పుట్టినవాటిలో ఒకటి నీరసంగా ఉంటుంది. మనం మళ్లీ పెట్టనే తిడతాం.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గుడ్లు బాగా పెడతాయి కానీ పొదుగు మీద కూర్చునే బుద్ధి వాటికి తక్కువ. ఆ గుడ్లకూ మన నాటు పెట్టే దిక్కు. ఇరవై ఒక్క రోజులు మేత తగ్గించుకుని, గుడ్లను తిప్పుతూ, ఒళ్లు కరిగించుకునే ఆ తల్లిని ఒక్కసారి పిల్లలు తక్కువ వచ్చాయని కత్తికి ఇవ్వడం అన్యాయం.

ఈసారి పొదగేసే ముందు ప్రతి గుడ్డు మీద పెట్టిన తేదీ, ఏ పెట్టదో గుర్తు పెన్సిల్‌తో రాయండి. ఏడాదికోసారి పక్క ఊరివాళ్లతో పుంజును మార్చుకోండి. లేవని గుడ్డును పెంటలో పారేసే ముందు పగలగొట్టి, లోపలి పిల్ల ఏ దశలో ఆగిపోయిందో చూడండి. ఆ తర్వాతే పెట్ట సంగతి ఆలోచించండి.