ఎండ ఎదుట దేహం

పాఠ్యపుస్తకంలో శరీరం అధ్యాయాలుగా విడిపోయి ఉంటుంది. గుండె, రక్తనాళాలు కలిసి రక్తప్రసరణ వ్యవస్థ అనీ, మెదడు, వెన్నుపాము, నరాలు కలిసి నాడీ వ్యవస్థ అనీ, మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం కలిసి విసర్జక వ్యవస్థ అనీ విద్యార్థులు వరుసగా చదువుకుని, ఒక్కో పాఠానికి ఒక్కో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు. ఒకే తీరు కణాల సముదాయం కణజాలమనీ, వేర్వేరు కణజాలాలు చేరి ఒక పనికి పూనుకుంటే అది అవయవమనీ, అవయవాల కూటమి వ్యవస్థ అనీ సాగే ఈ మెట్లవరుస నేర్చుకోవడానికి అనువైనదే గాని, బతికున్న దేహంలో ఏ వ్యవస్థా తన అధ్యాయపు హద్దుల్లో ఉండిపోదు. ఈ సంగతి తేటతెల్లం కావడానికి తెలుగు నేల మీద రోళ్లు పగిలే రోహిణి కార్తెకు మించిన సందర్భం లేదు. మండుటెండలో చెరువు పూడిక తీసే ఉపాధి కూలీ దేహంలో చర్మం మొదలుకొని కాలేయం దాకా ప్రతి అవయవమూ ఒకే ఒక్క పని మీద ఉంటుంది. ఒంటి లోపలి వేడిని 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపడమే ఆ పని.

బయట ఏం జరుగుతున్నా లోపలి పరిస్థితి దాదాపు మారకుండా ఉండటాన్ని శరీరధర్మ శాస్త్రం సమస్థితి అంటుంది. కణాలను తడుపుతూ ఉండే ద్రవమే జీవికి అసలు పరిసరమని 19వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోడ్ బెర్నార్ వివరించగా, ఆ స్థిరత్వానికి హోమియోస్టాసిస్ అన్న పేరును 1926లో అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ పెట్టాడు. అయితే ఈ శక్తి ఎంతటిదో అంతకు చాలా ముందే, 1775లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ ప్రచురించిన ప్రయోగాల్లో బయటపడింది. నీరు మరిగే వేడిని మించి కాగిన పొడి గదిలోకి అతడూ అతని సహచరులూ వెళ్లి కొద్ది నిమిషాలు గడిపి క్షేమంగా బయటికి రాగా, అదే గదిలో ఉంచిన గుడ్లు గట్టిపడిపోయాయి, మాంసం ముక్క ఉడికిపోయింది. గుడ్డుకూ మనిషికీ ఉన్న తేడా ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

దేహానికి వేడి ఎండ నుంచి మాత్రమే రాదు. అసలు పొయ్యి లోపలే ఉంది. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఈ ఏటీపీని కండరాల్లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1920ల చివర్లో ఈ పరిశోధన చేయగా, అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ వేరుగా అదే ఫలితానికి చేరాడు. ఆహారం నుంచి లభించే శక్తిలో మహా అయితే పావువంతు పనిగా మారుతుంది, మిగిలినదంతా వేడే. అంటే పార ఎత్తి దించే చేతులు మట్టిని కదిలించిన దానికన్నా ఎక్కువగా రక్తాన్ని వేడెక్కిస్తున్నాయి. ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే బరువు పని చేసేవారి ఒంటి ఉష్ణోగ్రత సుమారు పది నిమిషాలకో డిగ్రీ చొప్పున పెరుగుతుంది.

ఈ పెరుగుదలను మొదట పసిగట్టేది మెదడు అడుగు భాగాన, బాదంగింజంత చోటులో ఉండే హైపోథాలమస్. తన గుండా పారే రక్తపు వేడిని అది స్వయంగా కొలుచుకుంటూనే, చర్మంలోని ఉష్ణగ్రాహకాలు పంపే కబురునూ అందుకుని, మన ఇష్టాయిష్టాలతో ప్రమేయం లేకుండా పనిచేసే స్వయంచోదిత నాడీ వ్యవస్థ ద్వారా ఆజ్ఞలు జారీ చేస్తుంది. చర్మం కిందనున్న ధమనికలు, అంటే ధమనుల సన్నని కొసలు, వెంటనే వ్యాకోచిస్తాయి. మామూలుగా నిమిషానికి అర లీటరుకు లోపే ఉండే చర్మ రక్తప్రవాహం తీవ్రమైన వేడిలో ఏడెనిమిది లీటర్ల వరకూ పెరగగలదు. విశ్రాంతిలో గుండె మొత్తం దేహానికి పంపే రక్తమే నిమిషానికి సుమారు 5 లీటర్లన్న సంగతి గుర్తుంచుకుంటే, ఎండ గుండె మీద మోపే బరువు ఎంతో అర్థమవుతుంది. ఆ అదనపు రక్తం కోసం గుండె వేగం పెంచడమే కాక, పేగులకూ మూత్రపిండాలకూ వెళ్లే రక్తాన్ని కుదించవలసి వస్తుంది. ఎండన పడి వచ్చినవారికి అన్నం సహించకపోవడంలో వింతేమీ లేదు.

చర్మానికి చేరిన వేడి గాలిలోకి పోవాలంటే గాలి చర్మం కన్నా చల్లగా ఉండాలి. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు కాబట్టి, బయట 43 డిగ్రీలున్న రోజున వేడి ఎదురు దిశలో గాలి నుంచి ఒంటికి పారుతుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. బాహ్యచర్మం కింద ఉండే అంతశ్చర్మంలో మెలికలు తిరిగిన సన్నని గొట్టాల వంటి స్వేదగ్రంథులు ఒక్కో మనిషికి 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాయే వాటి ముడిసరుకు. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. మట్టికుండ పైపొర నుంచి తేమ ఆరుతూ లోపలి నీటిని చల్లబరిచే సూత్రమే ఇదీనూ. బ్లాగ్డెన్ బృందాన్ని కాపాడినది ప్రధానంగా ఈ చెమటే. కానీ ఆరిన చెమటే చల్లబరుస్తుంది, కారిన చెమట ఉత్త నష్టం. గాలిలో తేమ నిండి ఉండే మచిలీపట్నం, కాకినాడ తీరాల్లో 38 డిగ్రీలకే ఒళ్లు ఉడికినట్లుండటానికీ, రామగుండం పొడి వేడిలో అంతకన్నా ఎక్కువ ఉష్ణోగ్రతను కొంతసేపు ఓర్చుకోగలగడానికీ కారణమిదే. వార్తల్లో ఉష్ణోగ్రత ఒక్కదాన్నే పెద్ద అక్షరాల్లో చూపి తేమను వదిలేయడం సగం నిజం చెప్పడమే.

ఎండలో బరువు పని చేసేవారు గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట కోల్పోతారు. ఈ నష్టాన్ని దేహం సర్దుకునే తీరు అన్ని వ్యవస్థల ఉమ్మడి పనికి అత్యుత్తమ నిదర్శనం. రక్తం చిక్కబడగానే హైపోథాలమస్ దాహాన్ని పుట్టిస్తూ, తాను తయారుచేసే వాసోప్రెసిన్ హార్మోనును పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలోకి వదలిస్తుంది. మూత్రపిండాలు రోజూ వడగట్టే సుమారు 180 లీటర్ల ద్రవంలో ఒకటిన్నర లీటరు మినహా తక్కినదంతా మామూలుగానే తిరిగి రక్తంలో కలుస్తుంది. వాసోప్రెసిన్ ఆ మిగులును కూడా పిండేస్తుంది కాబట్టే ఎండాకాలంలో మూత్రం పచ్చబడి తగ్గుతుంది. ఇంతలో తమకు రక్తం తగ్గిందని గ్రహించిన మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. కాలేయం తయారుచేసి రక్తంలో ఉంచిన ఆంజియోటెన్సినోజన్ అనే ప్రొటీనును ఆ రెనిన్ తెంపుతుంది, తెగిన ముక్కను ప్రధానంగా ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల మీదున్న మరో ఎంజైము ఆంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. అది రక్తనాళాలను బిగించి రక్తపోటు నిలబెడుతూ, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల చేత ఆల్డోస్టిరోన్‌ను స్రవింపజేస్తుంది. ఆ హార్మోను మూత్రం నుంచీ, చెమట నుంచీ కూడా ఉప్పును వెనక్కి లాగుతుంది. ఊపిరితిత్తులు ఊపిరికే, కాలేయం జీర్ణానికే అనుకునే చదువు ఈ ఒక్క గొలుసు ముందే చెల్లదు.

వేడికి వరుసగా వారం పది రోజులు అలవాటు పడిన ఒంట్లో చెమట ముందుగా, ధారాళంగా పట్టినా అందులో ఉప్పు తక్కువగా ఉండటం ఈ ఆల్డోస్టిరోన్ చలవే. చల్లని దేశాల నుంచి సెలవులకు వచ్చిన ప్రవాసులకు మొదటి రోజుల్లో ఎండ ఎక్కువ చేటు చేయడమూ, ఏప్రిల్‌లో వచ్చే తొలి వడగాడ్పు మే నాటి వేడి కన్నా కొన్నిసార్లు ప్రమాదకరం కావడమూ ఈ అలవాటు ఇంకా పడకపోవడం వల్లే. కొందరిలో ఈ రక్షణే బలహీనంగా ఉంటుంది. వృద్ధుల్లో దాహం మందగిస్తుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి లేదా గుండె వేగాన్ని అణచిపెడతాయి. బీరు వాసోప్రెసిన్‌ను అడ్డుకుని, ఒంట్లో నిలవాల్సిన నీటిని బయటికి పంపుతుంది కనుక ఎండకు విరుగుడుగా దాన్ని తాగడం శుద్ధ పొరపాటు.

పోయిన నీటిని తిరిగి చేర్చే బాధ్యత జీర్ణ వ్యవస్థది. చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలా నిలిచిన సూక్ష్మమైన ఆంత్రచూషకాలు గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకుంటాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. వాటి వెంటే నీరూ లోపలికి వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేల ప్రాణాలు నిలిపింది ఈ సూత్రం మీదే. ఇప్పటి ప్రామాణిక ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజుతో పాటు కొంత పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. ఉప్పు వేసిన గంజిలోని పిండి పదార్థం పేగులో గ్లూకోజుగా విడిపోతుంది కాబట్టి అదీ ఈ కోవలోనిదే.

ఇన్ని ఏర్పాట్లూ ఓడిపోయే స్థితి వడదెబ్బ. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు పని తప్పుతుంది. రక్తం చాలని పేగు గోడ సడలి, అక్కడి సూక్ష్మజీవుల విషపదార్థాలు రక్తంలోకి చొరబడతాయి. చితికిన కండరాల నుంచి వెలువడిన ప్రొటీను మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాలేయమూ, రక్తం గడ్డకట్టే ప్రక్రియా అదుపు తప్పుతాయి. కలిసి నిలబడిన అవయవాలు కలిసే కూలతాయన్నమాట. 2015 మే వడగాడ్పుల ధాటికి ఆ వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా మరణించగా వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే, ఎక్కువమంది ఎండలో పని మానలేని పేదలూ వృద్ధులే.

చెమట ఆగితేనే వడదెబ్బ అనే నమ్మకం వదులుకోవాలి, ఎందుకంటే శ్రమ చేస్తూ పడిపోయినవారికి ఒళ్లు తడిగానే ఉండవచ్చు. ఎండలో పని చేసేవారు తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా వడదెబ్బగానే భావించి 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగానే నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి గాలి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం చుక్క నీరైనా పోయకూడదు.