చిన్న ట్రాక్టరులో హైడ్రాలిక్ ఆయిలు కారుట – కారణము కనుగొను విధము

వరి మడిలో దమ్ము సాగుచుండగా లిఫ్టు బలము తగ్గుట, ప్రొద్దున లేచి చూచునప్పటికి ట్రాక్టరు క్రింద ఆయిలు మడుగు కట్టియుండుట పెక్కుమంది రైతులకు అనుభవమే. అప్పుడు కంగారుపడి తోచిన సీలునెల్ల మార్పించినచో డబ్బును పోవును, అదనును తప్పును. ఆయిలు నేలపై పడు చోటు వేరు, అది బయలుదేరు చోటు వేరు. క్రమముగా వెదకినచో ఆ చోటును మీరే కనుగొనగలరు.

చుక్కయే కదా అని ఉపేక్షింపరాదు. సెకండునకు ఒక చుక్క కారినను, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నచో, గంటకు 180 మిల్లీలీటర్లు, 8 గంటల పనిలో సుమారు ఒకటిన్నర లీటరు పోవును. పెక్కు చిన్న ట్రాక్టర్లలో గేరుబాక్సునకు, వెనుక ఇరుసునకు, లిఫ్టునకు ఆయిలు ఒక్కటే. కావున నష్టము లిఫ్టుతో ఆగక గేర్ల వరకు పోవును.

ముందు జాగ్రత్త

లిఫ్టు పనిచేయునపుడు ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 100 కిలోలకు మించవచ్చును. సూదిమొన యంత రంధ్రము నుండి చిమ్ము ఆయిలు కంటికి ఆనకయే చర్మములోనికి దూసుకొనిపోవును. ఇంజను నడుచుచుండగా హోసు పైపును చేతితో తడిమి చూడరాదు. పొడవైన కర్రకు అట్టముక్క కట్టి పైపు దగ్గర త్రిప్పినచో కారు చోట దానిపై తడి మచ్చ పడును.

ఒకవేళ ఆయిలు చర్మములోనికి పోయినచో, గాయము సూది గుచ్చినంతయే యున్నను, నొప్పి లేకున్నను, వెంటనే శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రికి పోయి సంగతి డాక్టరునకు చెప్పవలెను. ఆలస్యము చేసినచో వ్రేలు గాని చేయి గాని పోవచ్చును. ఎత్తియున్న పనిముట్టు క్రింద ఎన్నడును దూరరాదు. ఏ నట్టు విప్పవలెనన్నను ముందుగా పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లీవరును రెండుమూడు సార్లు కదిపి ఒత్తిడి తీసివేయవలెను.

వెదకు క్రమము

1. కారునది ఏదో తెలిసికొనుడు. శుభ్రమైన అట్టను క్రింద పరచి రాత్రియంతయు ఉంచుడు. నల్లనిది సాధారణముగా ఇంజను ఆయిలు. పలుచనై వాసన కొట్టునది డీజిలు. తేనెరంగుది గేరుబాక్సు, హైడ్రాలిక్ ఆయిలు. పాలవలె తెల్లబడినచో అందులో నీరు చేరినదని అర్థము. దమ్ము చేయు ట్రాక్టర్లలో ఇది సంభవము. అట్టి ఆయిలును మార్చి, నీరు ప్రవేశించిన దారిని మూయవలెను.

2. బురదను, జిడ్డును కడిగి ఆరబెట్టుడు. అనుమానమున్న అతుకులపై సుద్దపొడి చల్లుడు. తరువాత 10 నిమిషములు నడిపి, ఆపి, తడిసిన చారను క్రింది నుండి పైకి చూచుకొనుచు పొండు. అన్నింటికంటె పైనున్న తడి చోటే మూలము.

3. ఎప్పుడు కారుచున్నదో గమనింపుడు. పనిముట్టును ఎత్తునపుడు మాత్రమే కారినచో దోషము పంపు నుండి లిఫ్టు వరకు గల ఒత్తిడి పైపులలోనో, వాటి యూనియన్లలోనో, రాగి వాషర్లలోనో ఉండును. ఆపియున్నపుడును కారినచో డ్రెయిను ప్లగ్గు, గాస్కెట్టు, ఇరుసు సీలు, పి.టి.ఓ. సీలు చూడవలెను. సీలు మార్చుటకు ముందు బ్రీదరును శుభ్రపరచుడు. అది బురదతో మూసికొనిపోయినచో లోపలి గాలి వేడికి ఉబ్బి మంచి సీలు నుండియు ఆయిలును నెట్టును.

నేలపై చుక్క లేకున్నచో

ఆయిలు బయట కారకున్నను లోపల కారవచ్చును. పనిముట్టును ఎత్తి ఇంజను ఆపి దూరముగా నిలిచి చూడుడు. అది త్వరత్వరగా దిగిపోయినచో లిఫ్టు పిస్టను ఓ-రింగు గాని కంట్రోలు వాల్వు గాని అరిగియుండును. ఇది మెకానిక్కు చేయదగిన పని.

ఆయిలు తగ్గుచు, బయట ఎచ్చటను తడి లేనిచో ఇంజను ఆయిలు మట్టమును చూడుడు. ఇంజనుకు బిగించిన పంపులో షాఫ్టు సీలు చెడినచో హైడ్రాలిక్ ఆయిలు ఇంజనులోనికి చేరును. ఇంజను ఆయిలు మట్టము పెరిగియున్నచో ట్రాక్టరును నడపక వెంటనే బాగుచేయింపవలెను. పంపు కీచుమని, ఆయిలు నురుగు కట్టినచో, ఆయిలు చాలకపోవుటయో, పంపునకు ఆయిలు వచ్చు పైపు గాలి పీల్చుటయో కారణము.

బాగుచేయుటలో మెలకువలు

వదులైన యూనియనును తగుమాత్రము బిగింపుడు; అతిగా బిగించినచో మర చెడును. విప్పిన రాగి వాషరునకు బదులు క్రొత్తది వేయుడు. నూలుదారము చుట్టుట, పగిలిన హోసునకు ట్యూబు ముక్క కట్టుట ప్రమాదకరము. కంపెనీ పుస్తకములో చెప్పిన రకపు ఆయిలునే పోయవలెను. వాడిన ఇంజను ఆయిలు పనికిరాదు. మట్టమును చదునైన నేలపై, పనిముట్టును దించి చూడవలెను. తీసిన ఆయిలును కాలువలో గాని, చేనిలో గాని పారబోయక డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనువారికి ఇయ్యుడు.

దమ్ము మొదలగుటకు పది దినములు ముందే ఈ పరీక్ష చేసికొన్నచో అదనులో ట్రాక్టరు నిలిచిపోదు. ఆయిలు తగ్గినపుడెల్ల పోయుట వైద్యము కాదు. అది ఎచ్చట పోవుచున్నదో కనుగొనుటే మొదటి పని.