రూపాయి బిళ్ల మీద ఆ నక్షత్రం ఎవరిది?

వీడియో పాజ్ చేసి జేబులో ఓ రూపాయి బిళ్ల తీయండి. సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉందా? అది హైదరాబాద్ టంకశాలలో కొట్టింది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా.

ఎందుకీ గుర్తు? కోడ్‌లో బగ్ వస్తే మేం గిట్ బ్లేమ్ కొట్టి ఆ లైన్ ఎవరు రాశారో చూస్తాం కదా, ఇదీ అంతే. తేడా వస్తే ఎవర్ని అడగాలో చెప్తుంది.

ఒకప్పుడు నిజాం రాజ్యంలో హైదరాబాద్‌తో పాటు గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలుండేవి. ఒక్కో చోటి రూపాయికి ఒక్కో విలువ. షరాబు దగ్గరికెళ్తే వెండి పరీక్షించి, వట్టం కోసుకుని ఇచ్చేవాడు. నష్టం ఎవరికి? మనలాంటి మామూలోళ్లకే. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ టంకశాలలు మూయించి, హైదరాబాద్‌లోనే ‘హాలీ సిక్కా’ కొట్టించాడు. ఆ టంకశాల 1903లో సైఫాబాద్‌కి, 1997లో చర్లపల్లికి మారింది.

అమెరికాలోనూ ఇదే కథ. 1792లో ప్రభుత్వ టంకశాల రాకముందు అక్కడ రకరకాల దేశాల బంగారు నాణేలు తిరిగేవి. న్యూయార్క్‌లో ఎఫ్రాయిమ్ బ్రాషర్ అనే కంసాలి వాటిని తూచి, పరీక్షించి, సరిగ్గా ఉంటే ‘ఇ.బి.’ అని తన ముద్ర కొట్టేవాడు. అంటే పూచీ నాది అని. 1787లో ఆయన సొంతంగా కొట్టిన నాణెం ఒకటి 2021లో 93.6 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది!

ఇదంతా మనకెందుకంటారా? మా రెడ్డిగూడెంలో నాయనమ్మ గొలుసు అమ్మబోతే, కొట్టువాళ్లు ‘22 క్యారెట్లు లేదమ్మా’ అన్నారు. చేసిన ఆచారి గారు ఎప్పుడో పోయారు. గొలుసు మీద ఏ ముద్రా లేదు. నాయనమ్మ ఎవర్ని అడగాలి? చెప్పిన రేటుకే ఇచ్చేసి వచ్చింది.

ఆ గొలుసుని ముందే హాల్‌మార్కింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి, ఫీజు కట్టి పరీక్ష చేయిస్తే సరిపోయేది. మాకప్పుడు తెలీదు. మీకిప్పుడు తెలుసు.

కొత్త నగ కొంటే ఇంకా తేలిక. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ ఉండాల్సిందే. బిల్లు కట్టేముందు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టండి. స్వచ్ఛత ఎంతో, పరీక్షించిన సెంటర్ ఏదో కనిపిస్తుంది. యాప్‌లో వచ్చిన వివరాలు, చేతిలో ఉన్న నగ ఒకటేనా చూసుకోండి.

సరే, మీ బిళ్ల మీద ఏం గుర్తుంది? కామెంట్‌లో చెప్పండి.